పాలు మాన్పిన పందిపిల్లలు – పెరటి మూలికలు



తెలుగు పండితుడు రేడియోముందు కూర్చుండెననగానే ఏ ప్రబంధమును గుఱించియో, ఏ ఛందస్సును గుఱించియో ముచ్చటించునని మీరు తలంచుట సహజము. ముప్పదియైదు సంవత్సరములు నేను బడిపిల్లలకు అవియే చెప్పితిని. కాని నేడు నేను మాటలాడబోవునది పందిపిల్లల కడుపును గుఱించి. నవ్వువారు నవ్వవచ్చును, నేనును మొదట నవ్వినవాడనే.

మాది గోదావరిఖని. గోదావరి యొడ్డున బొగ్గుగనులు త్రవ్వుటచే వెలసిన పట్టణమిది. రామగుండమునకు ఆనుకొనియున్నది. ఊరిపేరులోనే గని యున్నది గదా! గనులతోపాటు కార్మికుల కాలనీలు వచ్చినవి. కాలనీలతోపాటు హోటళ్లు వచ్చినవి. హోటళ్లతోపాటు దినదినము మిగిలిపోవు అన్నము, కూర, సాంబారు వచ్చినవి. ఆ మిగులును వేకువనే డబ్బాలలో నింపుకొని పోవువారు మా ఎరుకలవారు. వారి పందులు దానితో బ్రతుకును. ఆ పందులతో వారు బ్రతుకుదురు. మనము పారవేసినది వారి చేతిలో సొమ్మగుచున్నదను మాట నాకు చాలకాలము తట్టలేదు. తరగతిలో పాఠమప్పగింపని బాలుని 'పందీ' యని తిట్టినవారిలో నేనొకడను. ముందుబల్లమీద ఎరుకలవారి పిల్లవాడొకడు కూర్చుండి యుండెనని నాకు ఆనాడు స్ఫురింపలేదు. వాడు పదవ తరగతి పరీక్షకు కట్టిన రుసుము ఒక పందినమ్మి తెచ్చినదని తరువాత తెలిసినది. ఆ తిట్టును అప్పటినుండి మానితిని.

ఆ పిల్లవాడే పెద్దవాడై, ఊరి వెలుపల రేకుల కొట్టమువేసి, మూడు సంకరజాతి ఆడపందులను తెచ్చి పెంచ నారంభించెను. వీధులలో తిరుగు మన నల్లపందుల మాట వేరు. వాని పిల్లలు తల్లివెంట తిరుగుచు, మట్టి కెలకుచు, తల్లి విదిలించువఱకు పాలు త్రాగుచు, ఎప్పుడు పాలు విడిచినవో యజమానునికే తెలియకుండ మేతకు మరగును. తెల్ల యార్కుషైరు రక్తము కలిసిన పందులను కొట్టములో కట్టి పెంచుదురు. తల్లి మరల త్వరగా కట్టవలెనని పిల్లలను తొందరగా వేరుచేయుదురు. పంది చూలుకాలము 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములని మా శిష్యుడు వ్రేళ్లపై లెక్కించును. పిల్లలను ఎంత ముందుగా వేరుచేసిన అంత త్వరగా మరియొక ఈత వచ్చునని ఆశ. ఆ ఆశలోనే చిక్కున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. కార్తికమాసమున ఒకనాటి సాయంకాలము వాడు మా యింటి అరుగుపై వచ్చి కూర్చుండెను. మూడు తల్లులకు కలిసి ఇరువదియేడు పిల్లలు. తల్లిదగ్గర నున్నంతకాలము గుండ్రాళ్లవలె నుండినవి. ఎవరో వర్తకుడు చెప్పిన మాట విని నెలదినములకే అన్నిటిని ఒక్కనాడే వేరుచేసెను. మూడవనాటికి పారుడు పట్టుకొన్నది.

"సారూ, మీకు మూలికలు తెలుసు గద. మా అవ్వకు కడుపునొప్పి అయితే మీరిచ్చిన పొడితోనే తగ్గింది. పిల్లలకేమన్న చెప్పుండ్రి" అని యడిగెను.

నేను వైద్యుడను కాను. ప్రాచ్య కళాశాలలో చదువునప్పుడు సంస్కృతముతోపాటు ఆయుర్వేద గ్రంథములు కొన్ని త్రిప్పినవాడను. మా తండ్రిగారు ఇరుగుపొరుగువారికి కషాయము లిచ్చుట చూచినవాడను. ఆ పాటి పరిచయముతో మనుష్యులకు శొంఠిపొడి యిచ్చుట యొకయెత్తు. ఎన్నడు చేత ముట్టని జంతువునకు మందు చెప్పుట మరియొకయెత్తు. పూర్వులు గుఱ్ఱములకు శాలిహోత్రము, ఏనుగులకు పాలకాప్యుని గ్రంథము వ్రాసిరి; నేను చదివినవానిలో పందికి చికిత్స చెప్పినది ఏదియు లేదు. ఆ సంగతి వానికి చెప్పవలసినది. చెప్పలేదు. శిష్యుడు అరుగుపై కూర్చుండి అడుగుచుండగా తెలియదనుటకు నోరు రాలేదు.

వేపాకు, నేలవేము, వెల్లుల్లి, వాము కలిపి నూరి, తొట్టి మేతకు రెండు గుప్పెళ్లు వేయుమని చెప్పితిని. చేదు క్రిములను చంపును, వెల్లుల్లి పారుడు నాపును అని నా తర్కము. గుప్పెడనగా ఎంత, తొట్టియనగా ఎంత అని వాడును అడుగలేదు, నేనును చెప్పలేదు.

రెండుదినముల తరువాత నేనే చూడబోయితిని. కొట్టము వాకిట వాని తల్లి కూర్చుండి యున్నది. పిల్లలు తొట్టిచుట్టు చేరి మూతి పెట్టుట, తుమ్ముట, వెనుకకు జరుగుట. వాని కడుపులు లోనికి పోయి ప్రక్కటెముకలు కనబడుచున్నవి.

"అయ్యా, మీ మందు మంచిదే గావచ్చు. గని పిల్లలు నోట బెట్టుత లేవు" అని ఆమె నెమ్మదిగా పలికెను. నిందింపలేదు. నిందించినను బాగుండెడిది.

ఆ వారములో పదునొకండు చచ్చినవి. పశువుల ఆసుపత్రినుండి వచ్చిన వైద్యురాలు చిన్నవయస్సుది. చచ్చిన పిల్ల నొకదానిని అక్కడనే కోసి చూపించెను. అన్నాశయమున పిడికెడు మేతయైన లేదు. ప్రేగులు పలుచబడి నీటితో నిండియున్నవి. "సార్, మీరు చెప్పిన ఆకులలో విషమేమియు లేదు. కాని వీనికి పారుడుకంటె ముందు పట్టినది ఆకలి. మేతను చేదుచేసి ఆ యాకలిని పెంచినాము" అని ఆమె చెప్పెను. 'పెంచినాము' అన్నది ఆమె మర్యాద. పెంచినది నేను.

ఆనాటినుండి నాకు తెలియని దానిని తెలిసికొనుటకు పూనుకొంటిని. ఆ వైద్యురాలు ఓపికతో చెప్పినదియు, నేను చదివి గ్రహించినదియు మీముందుంచెదను. మన పల్లెలలో పంది పెంచువారు సలహాకు మీయొద్దకు వత్తురు. నావలె గుప్పెళ్ల లెక్క చెప్పి పంపకుందురు గాక.

పందిపిల్ల పుట్టునప్పుడు దాని రక్తములో రోగమునెదుర్చు శక్తి దాదాపు శూన్యము. మానవశిశువునకు గర్భములోనే తల్లినుండి కొంత రక్షణ సంక్రమించును. పందిపిల్లకు అట్లు కాదు. పుట్టిన మొదటి దినములో త్రాగు ముఱ్ఱుపాలతోనే అది రావలెను. అటుపిమ్మట ప్రతి గుటకపాలును ప్రేగులోపలి గోడలకు ఒక పూతవలె నిలిచి, రోగక్రిములు అంటుకొనకుండ కాచుచుండును. పాలు మాన్పించిననాడు ఆ పూత పోవును. పిల్ల సొంతముగా రక్షణ పెంచుకొనుటకు ఇంకను కొన్ని వారములు పట్టును. తల్లి యిచ్చినది అయిపోయి, తనది ఇంకను చేతికిరాని ఆ సందుకాలముననే మనము దానిని వేరుచేయుచున్నాము.

రెండవది పులుపు. అన్నాశయములో పులుపు చాలినంత యుండినగాని తిన్నది జీర్ణముకాదు, క్రిములు చావవు. పసిపిల్ల అన్నాశయము పులుపును తక్కువగా ఊరించును. అయినను పాలలోని చక్కెరను మేలుచేయు సూక్ష్మజీవులు పులియబెట్టి ఆ లోటు తీర్చుచుండును. మన యింట పాలు తోడుకొని పెరుగైనట్లే యనుకొనుడు. పాలు పోయి పిండిమేత వచ్చినతోడనే ఆ పులుపు పడిపోవును. పైగా మేతలో మనము కలుపు సున్నపుపొడి, మాంసకృత్తులు ఉన్న పులుపును కూడ పీల్చివేయును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. చిన్నప్రేగు లోపలివైపు మఖమలు గుడ్డమీది నూగువలె సన్నని మొలకలు కోట్లకొలది యుండును. బడిపుస్తకములలో వీనికి ఆంత్రచూషకములని పేరు. ఆహారసారమును పీల్చునవి యివియే. ఈ మొలకలకు మేత ప్రేగులోనుండి ప్రవహించు ఆహారమే. రక్తమువెంట వచ్చునది మాత్రమే చాలదు. మూడు వారములకు పాలు మాన్పించిన పిల్లలను పరీక్షించినవారు, ఒక్క దినములోనే ఈ మొలకల పొడవు నాలుగవ వంతు తగ్గుటయు, ఐదు దినములకు సగమునకు వచ్చుటయు కనుగొనిరి. తల్లి దూరమైన దిగులుతో, క్రొత్త తావున బెదరుతో, కొన్ని పిల్లలు మొదటి దినమంతయు, కొన్ని రెండవ దినము కూడ మేత ముట్టవు. ముట్టనందున మొలకలు క్రుంగును; క్రుంగినందున ఆ తరువాత తిన్నది అరుగదు; అరుగనిది పెద్దప్రేగున కుళ్లును.

అదను చూచి వచ్చునది ఇ. కోలి యను సూక్ష్మజీవి. దీనిలో జాతులనేకము, చాలవఱకు మనకడుపులోను ఉపద్రవము లేక యుండునవియే. పాలు మాన్పిన పిల్లలను చంపు జాతులు వేరు. వానికి సన్నని నారలవంటి కొక్కెములుండును. వానితో ప్రేగుగోడను పట్టుకొని విషమును వదలును. ఆ విషము గోడను చీల్చదు, రక్తమును తీయదు. ఒంటిలోని నీటిని, ఉప్పును ప్రేగులోనికి తోడిపోయును. కావున పిల్ల చచ్చునది ఒక్కొకప్పుడు క్రిమివలన కాదు, దాహమువలన. 1971లో బంగాళా శరణార్థుల శిబిరములో దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, చక్కెర కలిపిన నీటితోనే వేలాది విరేచన రోగులను కాపాడినది మీరు వినియుందురు. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలువవలెను. ఆ సూత్రము పందిపిల్ల ప్రేగునందును పనిచేయును. నేను ఆనాడు గుప్పెడు వేపాకునకు బదులు ఈ నీళ్లు చెప్పియుండినచో కొన్నియైన దక్కియుండెడివి.

ఇక మూలికల మాట. లోకమంతటను పండితులు పందిపిల్లల మేతలో మూలికలను గుఱించి ఎందులకు వెదకుచున్నారో ముందు చెప్పవలెను. చాలకాలము పెద్ద పెద్ద పందులశాలలవారు మేతలోనే ఆంటిబయోటిక్ మందులు కొద్దికొద్దిగా కలిపి ఈ పారుడును అణచుచుండిరి. దినదినము కొద్దికొద్దిగా తగిలిన మందునకు క్రిములు అలవాటుపడినవి. స్వీడను 1986లోనే పెరుగుదలకై మేతలో ఈ మందులు కలుపుట నిషేధించెను. యూరపు సమాఖ్య 2006 జనవరినుండి నిషేధించెను. 2015లో చీనాదేశమున, పందులలోను మనుష్యులలోను, కొలిస్టిన్ అను మందునకు లొంగని గుణము ఒక క్రిమినుండి వేరొక క్రిమికి ప్రాకుచున్నదని బయటపడెను. ఆ మందు మనుష్యులకు కడపటి యస్త్రములలో నొకటి. మన ప్రభుత్వము 2019 జూలైలో ఆహారమునకై పెంచు జంతువులకు దానిని వాడరాదని శాసించెను. ఆంటిబయోటిక్ పోయినచోట జింకు ఆక్సైడును మేతలో దండిగా కలిపిరి. పారుడు తగ్గినది గాని, ఆ జింకు పేడతో నేలలో చేరి నిలిచిపోవుచున్నదని యూరపువారు 2022 జూనునుండి ఆ మోతాదునకును స్వస్తి చెప్పిరి. అట్లు ఒక్కొక్క ద్వారము మూతపడగా వెల్లుల్లి, పసుపు, మిరప, వాము, దాల్చినచెక్కల వైపు చూపు మరలినది.

ఈ సంగతి విన్నప్పుడు నా పండితాహంకారము మరల తలయెత్తినది. 'చూచితిరా, మనవారు దీపన పాచన గ్రాహి ద్రవ్యములని ఏనాడో విభాగించిరి' అని వైద్యురాలితో వాదమునకు దిగితిని. ఆకలి పుట్టించునది దీపనము, అరిగించునది పాచనము, జారుదానిని కట్టునది గ్రాహి. శొంఠి, వాము, తుంగముస్తె, మారేడు, దానిమ్మతొక్క ఈ వర్గములలోనివి. ఆమె విని, "మంచి విభాగమే సార్, మరి మీరు వేపాకును ఏ వర్గమున చేర్చి యిచ్చినారు?" అని యడిగెను. నాకు సమాధానము లేకపోయెను. ఆకలి పుట్టించు దానిని విడిచి ఆకలి చంపుదానిని ఇచ్చితిని గదా.

మూలికలలో శక్తి లేదని కాదు. వాములోని ఘాటైన సత్తునకు థైమాలని పేరు. అది సీసాలో పోసిన క్రిములను చంపును. దానిమ్మతొక్కలోని వగరు మాంసకృత్తులను బిగియజేయును. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. పాలు మాన్పిన పందిపిల్లలకు రోగకారియగు ఇ. కోలిని బుద్ధిపూర్వకముగా త్రాగించి, కొన్నిటికి మిరపసారము, కొన్నిటికి వెల్లుల్లిసారము, కొన్నిటికి పసుపుసారము మేతలో కలిపి, కొన్నిటికి ఏమియు కలుపక చూచిరి. సారము తిన్నవానిలో పారుడు తగ్గెను, ప్రేగువాపు తగ్గెను. ఎంత కలిపిరనుకొనుచున్నారు? కిలో మేతకు పది మిల్లీగ్రాములు. అనగా క్వింటాలు మేతకు ఒక్క గ్రాము! అది పచ్చి వెల్లుల్లి కాదు, గట్టిగా తీసిన సారము; నిజమే. అయినను నా రెండు గుప్పెళ్లను తలచుకొని సిగ్గుపడితిని.

అన్ని పరిశోధనలును అంత అనుకూలముగా రాలేదు. కొన్నిచోట్ల మేలు కనబడెను, కొన్నిచోట్ల ఏమియు కనబడలేదు. కారణములు తెలియరానివి కావు. మూలిక పండిన నేలనుబట్టి, కోసిన కాలమునుబట్టి, ఎండబెట్టిన తీరునుబట్టి సత్తు మారును. సంచిలో ఏడాది నిలువయున్న వామునకు వాసన తగ్గునని మన యిండ్లలో ఆడవారికి తెలియును. పైగా ఈ నూనెసత్తులు అన్నాశయములోను, ప్రేగు మొదటిభాగములోను రక్తములోనికి ఇంకిపోవును. క్రిములు కాపురమున్న దిగువభాగమునకు చేరునది స్వల్పము. అందుకే పెద్ద కంపెనీలు వానిని క్రొవ్వు పొరలో చుట్టి అమ్ముచున్నారు. సీసాలో చచ్చిన క్రిమి ప్రేగులో చచ్చునను నమ్మకము లేదు. ప్రేగులో చంపునంత ఘాటు పెట్టితిమా, పిల్ల తినదు.

పందియొక్క ముక్కు బహుసూక్ష్మమైనది. క్రొత్త వాసనను పసిపిల్ల శంకించును. ఎఱిగిన వాసనను నమ్మును. నెదర్లాండ్సుదేశమున వాగెనింగెన్ విశ్వవిద్యాలయమువారు చూలితల్లికిని, పాలిచ్చు తల్లికిని సోపువంటి వాసనగల గింజల సత్తును మేతలో పెట్టి, ఆ పిల్లలకు పాలు మాన్పించిన తరువాత అదే వాసన చూపిరి. తల్లిద్వారా ఆ వాసన నెఱిగిన పిల్లలు క్రొత్తతావున తక్కువ బెదరి, మేలుగా తిన్నవి. తల్లి తిన్నదాని వాసన గర్భములోను, పాలలోను పిల్లకు చేరును. మన బాలింతలకు వాము పెట్టుట వేరు కారణములచేత వచ్చిన ఆచారమే గాని, ఈ సంగతి చదివినప్పుడు నాకు మా తల్లి జ్ఞప్తికి వచ్చెను.

మరుసటి ఈతకు మా శిష్యుడును నేనును కలిసి చేసినది చెప్పెదను. ఈమారు నేను మందు చెప్పలేదు. వైద్యురాలు చెప్పినది వ్రాసికొంటిని.

పిల్లలను నెలకు వేరుచేయలేదు. నలువదియైదు దినములు తల్లిదగ్గర నుంచితిమి. యూరపు చట్టమును 28 దినములకు ముందు వేరుచేయరాదనియే చెప్పును. శుభ్రపరచిన ప్రత్యేకశాల యున్నచో మాత్రము 21 దినములకు అనుమతించును. మన రేకుల కొట్టమునకు ఆ సదుపాయము లేదు, మనకు ఆ తొందరయు వలదు. రెండవ వారమునుండియే తల్లి దూరలేని చిన్న దడికట్టి, అందులో పిల్లలకు కొద్దికొద్దిగా మేత పెట్టితిమి. మెత్తగా ఉడికిన నూకల జావ, వేయించి విసరిన మొక్కజొన్న, వేయించిన సోయాచిక్కుడు పిండి కొంచెము, ఎండుచేపల పొడి, పుల్లని మజ్జిగ. సోయాను పచ్చిగా పెట్టరాదు. దానిలో అరుగుదలను అడ్డగించు గుణమున్నది, వేడికి అది పోవును. మజ్జిగ పులుపు వానికి మేలు. ముక్కవాసన వచ్చు వేరుశనగచెక్కను, బూజుపట్టిన మొక్కజొన్నను దగ్గరకు రానీయలేదు. పుట్టిన మూడవనాడు ఇనుము సూదిమందు వైద్యురాలే యిచ్చెను. గచ్చునేలపై పెరుగు పిల్లకు మట్టి దొరకదు, పాలలో ఇనుము చాలదు.

హోటలు మిగులు ఈ పిల్లలకు పూర్తిగా మానితిమి. ఇది మా శిష్యునకు కష్టము తోచెను. ఉచితముగ వచ్చునది గదా. నూనె, కారము, ఉప్పు పెద్దపందికే భారము. త్రాగునీరు తక్కువైనచో ఆ యుప్పు మెదడునకు ఎక్కి పంది చచ్చును. పెద్దవానికి పెట్టునదియైనను తెర్లకాచియే పెట్టవలెను. 2020లో అస్సాము, అరుణాచల ప్రాంతములలో మొదటిసారి మన దేశమునకు వచ్చిన ఆఫ్రికా పందిజ్వరము పచ్చిమాంసపు తునుకలతోను వ్యాపించును. దానికి మందు లేదు.

వేరుచేసిననాడు పిల్లలను కదలింపలేదు, తల్లినే తీసికొనిపోతిమి. పిల్లలు ఎఱిగిన కొట్టములోనే, ఎఱిగిన తోబుట్టువులతోనే ఉండినవి. ఒక తల్లి పిల్లలను మరియొక తల్లి పిల్లలతో కలుపలేదు, కలిపినచో కాట్లాడుకొనును. మొదటి వారము దినమునకు ఐదాఱుమార్లు, ప్రతిమారు కొంచెము, పలుచని గోరువెచ్చని జావ. మిగిలినది గంటలో తీసివేసి తొట్టి కడుగుట. ఈ కడుగుట నిజమైన పని. వాని తల్లి దానిని ఒక్కనాడు తప్పలేదు.

వెచ్చదనమును గుఱించి ఒక హెచ్చరిక. మా ప్రాంతము వేసవిలో నిప్పులగుండము గాని, కార్తిక మార్గశిరములలో తెల్లవారుజామున గోదావరి గాలికి వణకు పుట్టును. పాలు మాన్పిన పిల్లకు 28, 30 డిగ్రీల వెచ్చదన మవసరము. బొగ్గు దొరకు ఊరు కనుక మా శిష్యుడు కొట్టము మూసి బొగ్గుల కుంపటి పెట్టబోయెను. నేను కేకవేసి ఆపితిని. మూసిన తావున బొగ్గుపొగ, కంటికి కనబడనిది కూడ, మనిషినే చంపును. ఎండిన వరిగడ్డి మందముగా పఱచి, గోడలకు గోనెపట్టాలు కట్టితిమి. పిల్లలు ఒకదానిపై నొకటి గుట్టగా పడినచో చలియని, విడివిడిగా సాగి పడుకొన్నచో చాలునని గుర్తు.

మరి మూలిక? తల్లికి ఈనుటకు మూడు వారముల ముందునుండి, పాలిచ్చునంతకాలము, మేతలో చిటికెడు వాము, శొంఠిపొడి. పిల్లల మేతలోను అవియే. కిలోకు రెండు గ్రాముల చొప్పున తూచి. తూచుటకు కంసాలియొద్దనుండి పాతత్రాసు తెచ్చితిని. వేపాకులేదు, నేలవేము లేదు.

వైద్యురాలు మరియొక మాట చెప్పెను: "అన్నిటికి పెట్టినచో మీకేమి తెలియును? సగమునకు పెట్టుడు, సగమునకు మానుడు." ఒక్కొక్క తల్లి పిల్లలను సగము సగముగా విడదీసి, నడుమ దడి కట్టితిమి. వాము వాసన తల్లిపాలతో అన్నిటికి తెలిసినదే. మేతలో మాత్రము సగమునకే వేసితిమి. మా శిష్యుడు తలుపుమీద సుద్దతో రెండు వరుసలు గీసి, ఏ ప్రక్క ఎన్ని పిల్లలు పలుచగా పారినవో పూటపూట గీతలు పెట్టెను. నేను దినము విడిచి దినము పోయి లెక్కించితిని.

మొత్తము ఇరువదినాలుగు పిల్లలు. ఒకటి తల్లి క్రిందపడి మొదటివారములోనే చచ్చినది. పాలు మాన్పిన తరువాత ఒక్కటియు చావలేదు. సుద్దగీతలు వాముప్రక్క తొమ్మిది, వాములేని ప్రక్క పదునొకండు. ఆ రెండు గీతల తేడా మూలిక మహిమయని చెప్పవలెనని నాకు ఎంత కోరికగ నుండెనో మీరూహింపగలరు. కాని ఇంత కొద్దిపిల్లలలో రెండు గీతల తేడా నాణెము నెగురవేసినను వచ్చును. వైద్యురాలు అడుగకముందే నేనే ఆ మాట ఒప్పుకొంటిని. ఆమె నవ్వి ఊరకుండెను.

మా శిష్యుని తల్లి మాత్రము ఒప్పుకొనలేదు. "వామే కాపాడింది. లెక్క మీకేం తెలుసయ్యా" అనెను. దినమునకు ఆఱుమార్లు తొట్టి కడిగిన చేతులు ఆమెవి. కాపాడినవి ఆ చేతులే యని నేను చెప్పినను ఆమె నమ్మలేదు. వాము వేయుట ఆమె మానలేదు, నేను మానుమనలేదు. రెండు గ్రాములవలన కీడు లేదు; మేతకు మంచివాసన వచ్చును; పిల్లలు దానికి అలవాటుపడినవి.

ఒకటి మాత్రము పెద్దలైన మీతో గట్టిగా చెప్పవలసియున్నది. పారుడులో నెత్తురు కనబడినను, పిల్లలకు కనురెప్పలు ఉబ్బి తూలుచు నడచినను, పెద్దపందులు జ్వరముతో పడి చెవులపై, పొట్టపై ఎఱ్ఱని నీలపు మచ్చలు తేలినను, పెరటిలోనికి ఆకుకొఱకు పోవలదు. ఆనాడే పశువైద్యునికి కబురు పెట్టుడు. చచ్చినదానిని వాగులో పారవేయనీయకుడు, లోతుగ గుంటతీసి సున్నము చల్లి పూడ్పించుడు. ఆ కొట్టమునుండి పందిని సంతకు తోలనీయకుడు. అట్టివేళ అరుగుమీదికి వచ్చి మందడిగినవానితో 'నాకు తెలియదు, పద, ఇద్దరము కలిసి ఆసుపత్రికి పోదము' అనుటకు జంకవలదు. నేను జంకితిని, పదునొకండు పిల్లలు పోయినవి.

ఈ సంవత్సరము మరల రెండు తల్లులు ఈనినవి. పాలు మాన్పవలసిన దినము మా శిష్యుడు వచ్చి మా గోడమీది పంచాంగపు కాగితముపై సుద్దతో గుర్తుపెట్టి పోయెను. ఎల్లుండి నేను త్రాసు పట్టుకొని పోవలసియున్నది. ఇక సెలవు.